చేప కత్తి మీద 8 మిల్లీమీటర్లకో గాటు: ఒక ఎమరీ బెల్టు జాయింటు కేసు

నేపథ్యం

గోదావరి పశ్చిమ డెల్టాలో, చేపల చెరువుల నడుమ నలుగురు పనిచేసే చిన్న షెడ్డు ఇది. ఊరూ పేరూ గుర్తుపట్టే వివరాలూ తీసేశాను. కొలతలు మాత్రం అక్కడే మైక్రోమీటరుతోనూ స్టీలు స్కేలుతోనూ తీసినవి.

యజమానిది కొలిమి కుటుంబం. లారీ కమాను పట్టీలు సాగగొట్టి కొబ్బరి కత్తులు, గీత కత్తులు, కొడవళ్లు చేసిన చేతులు. ఆ సరుక్కి నునుపు అక్కర్లేదు. వాదర నిలిస్తే చాలు, చెంప మీద సమ్మెట దెబ్బ కనపడినా కొనేవాడు పట్టించుకోడు. చేపల మార్కెట్లకీ పెళ్లి వంటల వాళ్లకీ స్టెయిన్‌లెస్ కత్తులు చెయ్యడం మొదలుపెట్టాక లెక్క మారింది. వాదర 250 మి.మీ. పొడవు, రేకు 48 మి.మీ. వెడల్పు, వెన్ను దగ్గర 3 మి.మీ. మందం. ఉక్కు 420 రకం. గట్టిపరచడం బయట చేయించుకుంటారు, ఆ తర్వాత వాలు తీయడం, పాలిషు, పిడి బిగించడం షెడ్డులోనే.

మిషను స్థానికంగా కట్టించుకున్న బెల్టు గ్రైండరు. దాని మీద తిరిగే ఎమరీ బెల్టు అంటే గరుకు గింజలు అంటించిన గుడ్డ పట్టీ, రెండు కొసలూ అతికి చుట్టగా చేసింది. ఆ అతికిన చోటే జాయింటు. 50 మి.మీ. వెడల్పు, 1830 మి.మీ. చుట్టుకొలత ఉన్న బెల్టు, అంటే అందరూ అంగుళాల్లో రెండు-డెబ్బై రెండు అనే సైజు. ఒకటిన్నర హెచ్‌పీ త్రీఫేజు మోటారు, నిమిషానికి 1440 చుట్లు, వేగం తగ్గించుకోడానికి వీఎఫ్‌డీ, అంటే కరెంటు హెర్ట్జ్ మార్చి మోటారు వేగం మార్చే పెట్టె. మోటారు మీది చక్రం 150 మి.మీ. వ్యాసం. బెల్టు వెనక ఆనుకునే ఇనప పలకని మిషను కట్టేవాళ్లు ప్లాటెన్ అంటారు, ఇక్కడ పలక అనే రాస్తాను. దాని పైనా కిందా 50 మి.మీ. చిన్న చక్రాలు రెండు.

పని వరస (బెల్టు నంబరు పెరిగే కొద్దీ గింజ సన్నం): 60 నంబరుతో వాలు, అంటే వాదర వైపు పల్చబడే ఏటవాలు తీయడం, 120 నంబరుతో గీతలు తగ్గించడం, 400 నంబరుతో చివరి పాలిషు. ఈ వరసలో ఒక మెట్టు లేదు. దాని సంగతి తర్వాత తేలింది.

వచ్చిన సమస్య

40 కత్తుల లాటులో 13 తిరిగొచ్చాయి. వ్యాపారి ఫిర్యాదు రెండే ముక్కలు: "చారలు, తుప్పు". కత్తిని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా తిప్పితే చెంప మీద వెన్ను నుంచి వాదర దాకా నిలువు గాట్లు వరసగా కనపడుతున్నాయి. దగ్గరగా చూస్తే ప్రతి గాటూ ఒక జంట: ముందు సన్నటి లోతైన గీత, దాన్ని ఆనుకుని బెల్టు అసలు తగలని మెరిసే మచ్చ. కత్తి ఎగిరి మళ్లీ పడిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇది అందం గొడవే అనుకుంటే పొరపాటు. 420 రకం స్టెయిన్‌లెస్ తుప్పుని ఆపేది నునుపుగా ఉన్నంత వరకే. గాట్లలో చేప జిగురూ ఉప్పు నీళ్లూ నిలిస్తే, అందులోనూ సముద్రం దగ్గరి ఉప్పుగాలికి, మొదటి చుక్క ఆ గీతలోనే పుడుతుంది. తిరిగొచ్చిన వాటిలో నాలుగింటికి సరిగ్గా గాట్ల వెంటే గోధుమ రంగు చుక్కలున్నాయి.

షెడ్డు వాళ్ల నిర్ధారణ అప్పటికే అయిపోయింది. "జాయింటు కొడుతోందండి, బెల్టు కంపెనీ మార్చాలి." సగం నిజమే అది.

అప్పటికే చేసి చూసినవి

మొదట బెల్టు బిగించారు. స్ప్రింగుకి ఇంకో వాషరు వేసి, బెల్టు వీణ తీగలా మోగేంత బిగువు పెట్టారు. గాట్లు ఇంకా లోతయ్యాయి. బెల్టు వదులుగా ఉంటే ఎగురుతుంది, బిగిస్తే ఎగరదు అన్న ఊహ మామూలుగా సబబే. కానీ ఇక్కడ ఎగురుతున్నది బెల్టు కాదు, కత్తి. జాయింటు దగ్గర మందం ఎక్కువ. ఆ మందం వెనక్కి పోడానికి కాస్త చోటుంటే కత్తికి దెబ్బ తెలియదు. బెల్టుని ఇనప పలకకి ఇంకా గట్టిగా అదిమితే ఉన్న ఆ కాస్త చోటూ పోయింది.

తర్వాత వేగం. 30 హెర్ట్జ్ మీద నడిపేదాన్ని 50కి పెంచారు. గాట్ల మధ్య దూరం తగ్గి, నాలుగడుగుల దూరం నుంచి చూస్తే కలిసిపోయినట్టే కనపడ్డాయి. మేస్త్రి దీన్ని మందు అనుకుని నెల్లాళ్లు అలాగే నడిపాడు. వాదర దగ్గర వేడి పెరిగి, ఒక్కో లాగుడికీ కత్తిని నీళ్లలో ముంచాల్సొచ్చింది. గట్టిపరిచిన సన్నటి వాదరకి ఆ వేడి మంచిది కాదు.

జాయింటుని దిమ్మె మీద పెట్టి సుత్తితో కొట్టారు. మొదటి రోజు బాగానే ఉంది. గుడ్డ నలిగి అణిగింది కానీ, పైన గరుకు గింజల్ని పట్టి ఉంచే బంక పలుకులుగా విరిగింది. రెండో రోజు జాయింటు చుట్టూ అంగుళం మేర గింజలు రాలిపోయి బెల్టుకి బట్టతల వచ్చింది.

మామూలు బెల్టుకి మూడింతల ధర పెట్టి, గింజలు పిరమిడ్ల వరసలుగా అచ్చుపోసినట్టుండే బెల్టులు తెప్పించారు. వీటి గీత సమంగా వస్తుంది, నిజమే. కానీ ఆ పూత మందం. జాయింటు దగ్గర పిరమిడ్లు కలవని చోట గట్టు తేలుతుంది. గాటు మునుపటికన్నా బాగా కనపడింది, ఎందుకంటే చుట్టూ ఉన్న పాలిషు మెరుగైంది.

చివరిది ప్రమాదకరమైనది. బెల్టుని తిరగేసి, వెనక ఉన్న బాణం గుర్తుకి ఎదురు దిశలో నడిపారు. ఒక కొస మీద ఇంకో కొస ఎక్కించి అతికిన బెల్టుకి దిశ ఉంటుంది. సరైన దిశలో పై పొర అంచు వెనక్కి ఒరిగి పోతుంది, ఎదురు దిశలో అదే అంచు కత్తికి లేచి తగులుతుంది. ఆ బెల్టు పది నిమిషాల్లో అతుకు దగ్గర విప్పుకుని తెగి, కుర్రాడి మోచేతికి తగిలింది. కొసలు ఎదురెదురుగా ఆనించి వెనక సన్నటి టేపు వేసిన బెల్టుకి దిశ పట్టింపు చాలావరకు ఉండదు. అయినా బాణం గుర్తు ఉంటే దాన్ని పాటించాల్సిందే.

ముందు లెక్క, తర్వాత మందు

జాయింటు అని పేరు పెట్టేముందు అది జాయింటేనా అని తేల్చుకోవాలి. కొట్టేవి చాలా ఉంటాయి: మోటారు చక్రం వంకర, చిన్న చక్రాల బేరింగు, బెల్టు మడత, చెయ్యి వణుకు. ఒక్కోదాని దెబ్బకి ఒక్కో లయ ఉంది.

150 మి.మీ. చక్రం చుట్టుకొలత 471 మి.మీ. 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 1440 చుట్లంటే బెల్టు సెకనుకి దాదాపు 11.3 మీటర్లు పోతోంది. బెల్టు పొడవు 1.83 మీటర్లు కాబట్టి జాయింటు సెకనుకి 6.2 సార్లు కత్తిని దాటుతుంది. మోటారు చక్రం సెకనుకి 24 సార్లు, పలక దగ్గరి చిన్న చక్రాలు 72 సార్లు తిరుగుతాయి. ఇప్పుడు 250 మి.మీ. కత్తిని 5 సెకన్లలో అడ్డంగా లాగితే, అంటే సెకనుకి 50 మి.మీ., జాయింటు గాట్ల మధ్య దూరం 8 మి.మీ. రావాలి. మోటారు చక్రం తప్పయితే 2 మి.మీ., చిన్న చక్రాలదైతే 0.7 మి.మీ. కంటికి తేడా తెలిసేంత దూరాలే ఇవి.

కత్తి కొలతలోనే అదే ఉక్కు పట్టీ ఒకటి తీసుకుని, చెంపంతా నీలం మార్కరుతో పూసి, 400 నంబరు మీద ఒక్కటంటే ఒక్క లాగుడు లాగించాం. గోడ గడియారం చూస్తూ 5 సెకన్లు. రెండో లాగుడు లాగితే గాట్లు కలిసిపోయి లెక్క చెడుతుంది. స్టీలు స్కేలు పెట్టి కొలిస్తే గాట్ల మధ్య 3, 5, 3, 5, మళ్లీ 3. మూడూ ఐదూ కలిస్తే ఎనిమిదే. అంటే బెల్టు ఒక చుట్టు తిరిగేలోగా కత్తికి రెండు దెబ్బలు తగులుతున్నాయి. బెల్టుకి ఉన్నది ఒకటే జాయింటు.

ఇక వినడమే మిగిలింది. జాయింటు వెనక సుద్దతో అడ్డగీత గీసి, వీఎఫ్‌డీ 10 హెర్ట్జ్‌కి దించాం. బెల్టు సెకనుకి 2.26 మీటర్లు, అంటే 10 సెకన్లలో 12 చుట్లు. పట్టీని తేలిగ్గా ఆనించి లెక్కపెడితే 12 దెబ్బలు వినపడాలి, 24 వినపడ్డాయి. టక్-టక్, ఆగి, టక్-టక్. సుద్దగీత దాటేటప్పుడు ఒకటి, అది కనపడనప్పుడు ఇంకొకటి. మిషను ఆపి బెల్టు లోపలి వైపు వేలితో తడిమితే, జాయింటుకి 70 సెంటీమీటర్ల దూరంలో అడ్డంగా ఒక మడత తగిలింది.

గోడ చూస్తే విషయం అర్థమైంది. బెల్టులన్నీ ఒకే మేకుకి గుత్తిగా వేలాడుతున్నాయి. పది బెల్టుల బరువు ఆ మేకు మీదే. వానాకాలం తేమకి గుడ్డ మెత్తబడి, మేకు ఆనిన చోట మడత దిగబడిపోయింది. బెల్టు మందం అక్కడ పెరగదు, మైక్రోమీటరుకి ఏ తేడా దొరకదు. అద్దం మీద పరిస్తే మాత్రం ఆ గీత దగ్గర 0.4 మి.మీ. పైకి లేచి ఉంది. నెలల తరబడి బెల్టు కంపెనీని తిట్టుకున్న గాట్లలో సగం మేకువి.

ఈ లెక్క వెయ్యకుండా జాయింటు అరగదీసి ఉంటే గాట్లు సగం తగ్గేవి, మిగతా సగం చూసి జాయింటు ఇంకా అరగదీసేవాళ్లు, బెల్టు తెగేది.

జాయింటు ఎత్తు 400 దగ్గరే ఎందుకు బయటపడుతుంది

మడత లేని కొత్త బెల్టు పెట్టె లోంచి తీసి అదే పరీక్ష చేస్తే గాట్లు శుభ్రంగా 8 మి.మీ.కి ఒకటి. ఇప్పుడిది జాయింటే. మైక్రోమీటరుతో కొలిచాం: 400 నంబరు బెల్టు మందం 0.68, జాయింటు దగ్గర 0.84, ఎత్తు 0.16 మి.మీ. 120 నంబరు బెల్టుది 0.92, జాయింటు 1.03, ఎత్తు 0.11.

ఈ అంకెల్ని గింజ సైజు పక్కన పెట్టి చూడాలి. బెల్టుల నంబర్లకి వాడే పీ శ్రేణిలో 120 నంబరు గింజ సగటున 125 మైక్రాన్లు, అంటే 0.125 మి.మీ. 400 నంబరు గింజ 35 మైక్రాన్లు. 120 బెల్టులో జాయింటు ఎత్తు ఒక గింజ ఎత్తుకి లోపే ఉంది, ఆ గరుకులో గాటు కలిసిపోతుంది. 400లో జాయింటు గింజకి నాలుగున్నర రెట్లు ఎత్తు. మంచి బెల్టు కొన్నంత మాత్రాన ఈ తేడా పోదు. అందుకే "ముందు మెట్లలో ఏమీ లేదండి, పాలిషులోనే వస్తోంది" అనే మాట ప్రతి షెడ్డులోనూ వినపడుతుంది. ముందు మెట్లలో కూడా కొడుతుంది, కనపడదంతే.

దీనికి తోడు చేతి బరువు. పాలిషు చేసే కుర్రాణ్ణి చేపలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద, కత్తిని బెల్టు మీద ఎంత నొక్కుతాడో అంతా నొక్కమన్నాం. 4 కిలోలు చూపించింది. ఎందుకంత అంటే, "ఆయ్, నొక్కితేనే కదండి గీత పోయేది" అన్నాడు. అతని తప్పు కాదు. 120 తర్వాత 220 బెల్టు దొరక్క రెండు నెలలుగా ఆ మెట్టు దాటేసి నేరుగా 400కి పోతున్నారు. 125 మైక్రాన్ల గింజ తీసిన లోయని 35 మైక్రాన్ల గింజతో పోగొట్టాలంటే నొక్కక చస్తాడా. 400 చెయ్యాల్సింది గీత మార్చడం, ఉక్కు తియ్యడం కాదు. దాని నెత్తిన ఉక్కు తీసే పని పడింది, నొక్కుడు పెరిగింది, నొక్కిన కొద్దీ జాయింటు లోతుగా దిగింది.

పలక సంగతి

జాయింటు టేపు వెడల్పు 20 మి.మీ. పూర్తి వేగం మీద అది కత్తి కింద నుంచి పోడానికి పట్టే సమయం సెకనులో వెయ్యో వంతులు రెండు. అంత తక్కువ వ్యవధిలో చేతిలో ఉన్న కత్తి 0.16 మి.మీ. మెల్లగా పక్కకి జరగలేదు, దెబ్బ తిని ఎగురుతుంది. రబ్బరు చక్రం మీదో, వెనక ఏ ఆధారమూ లేని వదులు బెల్టు మీదో అయితే ఆ 0.16 వెనక్కి అణుగుతుంది. ఇనప పలక మీద దానికి దారి లేదు.

ఇక్కడి పలక ఇంకా అన్యాయంగా ఉంది. స్కేలు అంచు అడ్డంగా ఆనించి, సందు కొలిచే సన్నటి రేకు (ఫిల్లర్ గేజి) దూరిస్తే మధ్యలో 35 మి.మీ. మేర 0.25 మి.మీ. గుంట. రెండేళ్లుగా కత్తి ఆనిన చోటల్లా అరిగింది, రెండు పక్కలా సన్నటి గట్లు మిగిలాయి. కత్తి బరువంతా ఆ గట్ల మీదే. అందుకే గాట్లు బెల్టు అంచులు పోయిన దారిలో ఎక్కువ లోతుగా ఉన్నాయి. పైగా పలక చిన్న చక్రాలతో సమానంగా ఉంది. ముందుకి పొడుచుకు రాకపోవడంతో బెల్టు చక్రాల మీద నిలబడి, నొక్కినప్పుడే పలకకి తగులుతూ తపతపలాడుతోంది.

కుదరనిది ఒకటి, మేం చేసింది

నొక్కుడు తగ్గించాక, పలక బాగుచేసే లోపల పని ఆగకూడదని పలక మీద 3 మి.మీ. ఫెల్టు (ఒత్తిన ఉన్ని గుడ్డ) అంటించమని సలహా ఇచ్చాను. గాట్లు ఒక్క రోజులో మాయమయ్యాయి, షెడ్డంతా సంబరం. ఆరు కత్తుల తర్వాత మేస్త్రి ఒక కత్తి వెన్ను మీద స్కేలు పెట్టి చూపించాడు. వాలు మొదలయ్యే గీత కరిగిపోయి, చెంప చేప పొట్టలా ఉబ్బింది. మొన దగ్గర రేకు పల్చబడింది. మెత్తటి ఆధారం జాయింటుని మింగినట్టే కత్తి అంచుల్నీ మింగుతుంది. శీలావతి, బొచ్చె లాంటి పెద్ద చేపని ముల్లుతో సహా ముక్కలు కొట్టే కత్తికి వాలు చదునుగా ఉండాలి. ఫెల్టు పీకేశాం. మెత్తదనం కావాలి, అయితే మిల్లీమీటర్లలో కాదు.

కుదిరినవి, చేసిన వరసలో

ఒక్కసారి ఒక్కటే మార్చి, ప్రతి మార్పుకీ నీలం పూసిన పట్టీ ఒకటి లాగి, దాని మీద తేదీ రాసి పక్కన పెట్టాం. లేకపోతే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

220 నంబరు తిరిగి తెచ్చారు. దాని గింజ 68 మైక్రాన్లు, 120కి సుమారు సగం, 400కి రెండింతలు. మెట్టుకీ మెట్టుకీ సగం అన్న లెక్క దగ్గర దగ్గరగా నిలిచింది. 220 దగ్గర కత్తిని కొంచెం ఏటవాలుగా పట్టి లాగమన్నాం. అప్పుడు 220 గీతలు ఒరిగి ఉంటాయి, నిలువుగా ఏ గీత కనపడినా అది పోవాల్సిన 120 గీతే. అది పోయేదాకా 400 బెల్టు ఎక్కించకూడదు. దీంతో 400 మీద నొక్కుడు దానంతటదే తగ్గింది. కాటా మీద రోజూ పొద్దున్న నాలుగుసార్లు నొక్కి చూసుకుంటే వారానికి కుర్రాడి చెయ్యి కిలో, కిలోంపావు దగ్గర స్థిరపడింది. ఈ ఒక్క మార్పుకే పట్టీ మీద గాట్లు సగానికి సగం మసకబారాయి. పెద్ద ఖర్చు లేని మార్పు ఇంత పని చేస్తుందని నేను కూడా అనుకోలేదు.

పలకని దగ్గరి లేతు షాపులో సర్ఫేస్ గ్రైండరు మీద చదును చేయించారు. పై అంచూ కింది అంచూ 3 మి.మీ. గుండ్రంగా తీయించాం. పదునైన అంచు మీదకి జాయింటు ఎక్కేటప్పుడు అదొక దెబ్బ, గుండ్రంగా ఉంటే జారుతుంది. బిగించేటప్పుడు చక్రాలకన్నా 2 మి.మీ. ముందుకి వచ్చేలా పెట్టాం. బెల్టుని పక్కకి జరిపే ట్రాకింగు మర తిప్పి, దాన్ని పలక పక్క అంచు దాటి 2 మి.మీ. బయటికి నడిపితే ఆ అంచు మెత్తగా ఒరిగి, పిడి దగ్గర గాటు పడడం తగ్గింది. అంతకన్నా బయటికి పోతే బెల్టు అంచు చిరుగుతుంది.

400 పనికి మాత్రమే పలక మీద గ్రాఫైటు పూసిన కాన్వాసు అంటించాం. అది మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ మందం ఉంటుంది, నొక్కితే ఫెల్టులా దిగదు, జాయింటుకి కావాల్సిన వెంట్రుకవాసి చోటు మాత్రం ఇస్తుంది. రాపిడి తగ్గి బెల్టు వెనక వేడి కూడా తగ్గుతుంది. 60, 120 మెట్లకి కాన్వాసు వద్దు, వాటికి గట్టి పలకే కావాలి. మార్చుకోడం తేలిగ్గా ఉండాలని రెండో పలక ఒకటి చేయించుకున్నారు.

టేపు జాయింటుని సరిచెయ్యడం ఓపికతో చేసే పని. బెల్టుని లోపల వైపు పైకి తిప్పి, చెక్క ముక్క మీద జాయింటు పరిచి, చెక్కదిమ్మెకి చుట్టిన 120 కాగితంతో టేపు అంచులు రెండూ నాలుగైదు సార్లు రుద్దాలి. టేపు మధ్యలో రుద్దకూడదు. బెల్టుని పట్టి ఉంచేది ఆ సన్నటి పొర, దాని పోగులు బయటపడితే బెల్టు పని అయిపోయినట్టే. రుద్దాల్సింది అంచుల మెట్టు మాత్రమే, వేలికి తగలకుండా పోతే చాలు. తర్వాత బెల్టు ఎక్కించి 10 హెర్ట్జ్ మీద నడుపుతూ, గట్టిపరిచిన ఉక్కు కడ్డీని బెల్టు వెడల్పంతా ఆనేలా, జాయింటు తగిలిన టిక్కు మాత్రమే వినపడేంత తేలిగ్గా పట్టాలి. పది సెకన్లు. ఎత్తుగా ఉన్నది జాయింటే కాబట్టి గింజలు అక్కడే ముందు అరుగుతాయి. టిక్కు మెత్తబడగానే ఆపాలి, ఇంకా పడితే బెల్టంతా మొద్దుబారుతుంది. కళ్లద్దాలు, మాస్కు లేకుండా ఇది చెయ్యకూడదు. జాయింటు తెగితే బెల్టు తిరిగే వరసలో ఎవరూ నిలబడి ఉండకూడదు.

ఇంత చేస్తే 0.84 కాస్తా 0.76 అయింది, ఎత్తు 0.16 నుంచి 0.08. ఇంకా దింపుదామా అని కుర్రాడు ఉత్సాహపడ్డాడు. వద్దన్నాం. ఒక కొస మీద ఇంకో కొస ఎక్కించి అతికిన బెల్టుల మీద ఈ పనే వద్దు, పై పొర అంచు లేచిపోతుంది. వాటిని 60, 120 మెట్లకి వాడుకుని, చివరి మెట్టుకి టేపు జాయింటు బెల్టులే కొనమన్నాం.

వేగం 50 నుంచి 20 హెర్ట్జ్‌కి. బెల్టు సెకనుకి 4.5 మీటర్లు, జాయింటు దెబ్బలు సెకనుకి రెండున్నర. 5 సెకన్ల లాగుడులో మునుపు 31 దెబ్బలు పడేవి, ఇప్పుడు 12. ఒక్కో దెబ్బ మెల్లగా వస్తుంది కాబట్టి కత్తికి పక్కకి జరిగే వ్యవధీ ఉంటుంది. బిగువు కూడా తగ్గించాం. చక్రాల మధ్య వదులు వైపు వేలితో నొక్కితే 10 మి.మీ. దిగాలి, బెల్టు పక్కకి జారకూడదు, అంతే.

బెల్టులు భద్రపరచడం

ఇది అందరూ చివర్లో వినీ విననట్టు వింటారు. ఈ కేసులో సగం గాట్లు ఇక్కడివే.

ఎమరీ బెల్టుల్ని సుమారు 18 నుంచి 22 డిగ్రీల వేడిలో, 45 నుంచి 65 శాతం తేమలో ఉంచమంటారు. డెల్టాలో ముసురు పట్టిన రోజుల్లో ఆ తేమ ఎక్కడ దొరుకుతుంది? ఏసీ పెట్టమనడం హాస్యం. చేసింది ఇది: తలుపున్న పాత ఇనప బీరువా అడుగున 40 వాట్ల బల్బు ఒకటి, వానాకాలమంతా వెలుగుతూ. పై అరలో 110 మి.మీ. పీవీసీ పైపు ముక్కలు అడ్డంగా బిగించి, ఒక్కో పైపుకి మూడు నాలుగు బెల్టులు. మేకుకి మడత పడేది, అంత లావు గుండ్రం మీద పడదు. బెల్టులు బల్బుకి అడుగున్నర పైనే ఉండాలి. వాడబోయే బెల్టుని ఎక్కించే ముందు అద్దం మీద పరిచి, లోపల వైపు చుట్టూ వేలు పోనిచ్చి మడత చూడాలి.

మడత పడిన పాత బెల్టుల వెనక తడి చేసి, రెండు రాత్రులు పైపు మీద బరువు కట్టి వేలాడదీసి చూశారు. 0.4 ఎత్తు 0.2కి దిగింది కానీ మడత గీత వెంట బంక పగిలే ఉంది. అవి పాలిషుకి పనికిరావు. కత్తిరించి చేత్తో రుద్దే పట్టీలుగా వాడేశారు.

ఫలితం

మార్పులన్నీ అమలైన తర్వాత వెళ్లిన 40 కత్తుల లాటులో తిరిగొచ్చినవి రెండు. ఒక్కో కత్తికి చేత్తో రుద్ది గాట్లు పోగొట్టడానికి అంతకుముందు 25 నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఆరేడు నిమిషాలు. 220 బెల్టు ఖర్చు పెరిగింది, 400 బెల్టులు నొక్కుడు లేక ఎక్కువ కాలం వస్తున్నాయి, మొత్తం మీద బెల్టుల ఖర్చు పెద్దగా మారలేదు. ఖరీదైన పిరమిడ్ బెల్టులు మాత్రం కొనడం మానేశారు. నా ఉద్దేశంలో అవి రబ్బరు చక్రం మీద మేలు, పలక మీద ఈ షెడ్డుకి దండగ.

తిరిగొచ్చిన ఆ రెండూ మొన దగ్గరే. మొనకి వచ్చేసరికి రేకు సన్నబడి, బెల్టుకి ఆనే మేర బొటనవేలంత మిగులుతుంది. అదే కిలో బరువు అంత చిన్న చోట పడితే 0.08 జాయింటు కూడా పనితనం చూపిస్తుంది. అక్కడ నొక్కుడు ఇంకా తగ్గించమంటే చెయ్యి తేలిపోయి వాలు తప్పుతోంది. అందుకని ఇప్పుడు చివరి 40 మి.మీ.ని 220 తర్వాత బెల్టు మీద పెట్టడం లేదు. కత్తిని చెక్క మీద బిగించి, మడత పడిన ఆ 400 బెల్టుల పట్టీలనే చిన్న చెక్కదిమ్మెకి చుట్టి, రెండు చుక్కల నూనె వేసి, వెన్ను నుంచి వాదర దిశలో, ఒకే వైపుకి రుద్దుతున్నారు. ఆరేడు నిమిషాల్లో ఐదు నిమిషాలు ఆ మొనకే పడుతున్నాయి.